డిగ్రీకి ఇరవై ఆరు యూనిట్లు

ఫ్రాన్సిస్ ముప్పై నాలుగేళ్లు వరంగల్ వీధుల్లో, చుట్టుపక్కల పల్లెల్లో కరెంటు మీటర్లు చూశాడు. ఊళ్లో సగం మంది ఆయనకు తెలుసు, అయితే ముఖాలతో కాదు, మీటర్లతో. పెళ్లి పందిట్లో ఎవరైనా చెయ్యి పట్టుకుని "బాగున్నవా సారూ" అంటే ఆయన కళ్లు చిట్లించి, మెట్ల కింద మీటరు, గేటు దగ్గర కుక్క, నెలకు నూట ఎనభై యూనిట్లు అని ఆనవాలు పట్టి, అప్పుడు నవ్వేవాడు. ఉద్యోగంలో ఉండగా ఆయన్ని మూడు కుక్కలు కరిచాయి, ఒక గేదె కుమ్మింది. వాటన్నిటినీ క్షమించాడు. గీజరును మాత్రం క్షమించలేకపోయాడు. గీజరు పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ మీటరు ఎలా తిరుగుతుందో కళ్లారా చూసినవాడు కాబట్టి తన ఇంట్లోకి దాన్ని అడుగు పెట్టనివ్వలేదు. ఆయన భార్య కృపమ్మ ముప్పై ఏళ్లు పొయ్యి మీదే నీళ్లు కాచుకుంది.

అటువంటి మనిషి రిటైరయిన మరుసటి ఏడాది పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించాడంటే కాలనీ అంతా ముక్కున వేలేసుకుంది. కిరాయికి ఇవ్వడానికి ఇంకో వాటా కడదామని పునాది తవ్వించిన గుంత అది. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు. దిగడానికి వెడల్పాటి మెట్లు, పట్టుకోవడానికి ఒక పక్కన స్టీలు కడ్డీ. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూసి, పెద్దాయనకు పెన్షన్ డబ్బులు ఎక్కువై మతి చలించిందని తేల్చారు. ఫ్రాన్సిస్ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

సంజాయిషీ కృపమ్మ ఎడమ కాలు. రెండేళ్ల కింద ఒక ఆదివారం పొద్దున చర్చిలో పూజకు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుండగా ఆమె ఎడమ పక్క కూలబడిపోయింది. పక్షవాతంతో దవాఖానలో పద్దెనిమిది రోజులుంది. మూతి సర్దుకుంది, చెయ్యి ఆరు నెలల్లో తిరిగి వచ్చింది. కాలు కదిలేది, కానీ మోకాలి కింద స్పర్శ లేదు. చెప్పు జారిపోతే తెలియదు, ఒంటి చెప్పుతోనే వరండా దాకా నడిచేది. ఒకసారి గంజి ఒలికి పాదం మీద పడితే, బొబ్బ కనిపించాకే కాలిందని తెలిసింది. వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపిస్టు సుప్రియ ఆమెను కళ్లు మూసుకోమని, పెన్ను కొసతో పాదం మీద పొడిచి "తెలుస్తాందా ఆంటీ?" అని అడిగేది. కృపమ్మ కళ్లు మూసుకునే "ఎప్పుడు పొడుస్తవ్ బిడ్డా?" అనేది.

సుప్రియ చెప్పిన మందు ఒక్కటే, నీళ్లలో నడక. నీళ్లు బరువు మోస్తాయి, పడిపోతానన్న భయం ఉండదు, కాలు చెయ్యవలసిన పని కాలు చేస్తుంది. ఊళ్లో ఉన్న పూల్‌లో దిగడానికి నిచ్చెన తప్ప మెట్లు లేవు. అందుకని కిరాయి వాటా కాస్తా పూల్ అయింది.

ఎండాకాలం, వానాకాలం కృపమ్మ రోజూ దిగింది. మొదట కడ్డీ పట్టుకుని, తర్వాత ఫ్రాన్సిస్ చెయ్యి పట్టుకుని, దసరా నాటికి ఏదీ పట్టుకోకుండా పదకొండు చుట్లు నడిచింది. నేల మీద కూడా కర్ర సాయంతో వంటింటి నుంచి గేటు దాకా వెళ్లేది. ఆమెకు ఒకే ఒక్క కోరిక. గుడిలో దివ్యసత్ప్రసాదం ఇచ్చే వేళకు అందరూ వరుస కట్టి పీఠం దగ్గరికి వెళ్తారు. రెండేళ్లుగా ఆమె బల్ల మీదే కూర్చుంటే ఫాదర్ దిగివచ్చి ఇస్తున్నాడు. ఆ కాస్సేపూ గుడి మొత్తం తలలు తిప్పి చూస్తుంది. ఈ క్రిస్మస్‌కు తన కాళ్ల మీద వరుసలో నిలబడి వెళ్లాలని ఆమె పంతం.

నవంబర్ రాగానే నీళ్లు చల్లబడ్డాయి. ఇరవై ఒక్క డిగ్రీలు. కృపమ్మ మొదటి రోజు రెండు చుట్లు నడిచి వణుకుతూ పైకి వచ్చింది. రెండో రోజు ఒక చుట్టు. మూడో రోజు మెట్టు మీద నిలబడి నీళ్లను చూసి వెనక్కి తిరిగింది. పది రోజుల్లో కాలు కొయ్యబారింది. గేటు దాకా వెళ్లే మనిషి వరండాకు వెళ్లడానికి రెండుసార్లు ఆగవలసి వచ్చింది.

"చల్లటి నీళ్లల్ల కండరాలు బిగుసుకుపోతయ్ అంకుల్. కనీసం ఇరవై ఎనిమిది డిగ్రీలన్న ఉండాలె. ఇట్లనే ఆపేస్తే వచ్చిన నడక గూడ పోతది," అంది సుప్రియ. కాగితం మీద 28 అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఇచ్చింది.

ఫ్రాన్సిస్ ఆ కాగితాన్ని అద్దానికి అంటించి, క్యాలెండర్ వెనక లెక్క వేశాడు. పూల్‌లో పట్టే నీళ్లు ఇరవై రెండు వేల లీటర్లు. ఆ నీళ్లను ఒక్క డిగ్రీ వేడి చెయ్యడానికి ఇరవై ఆరు యూనిట్లు. ఏడు డిగ్రీలు పెంచాలి. పెంచింది రాత్రికి దిగిపోతే తెల్లారి మళ్లీ పెంచాలి. ఆయన చూసిన మీటర్లలో అంత తిరిగినవి ఐస్ ఫ్యాక్టరీవి మాత్రమే. లెక్క రెండోసారి వేసినా అంతే వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం సగమే తిన్నాడు.

ఎలక్ట్రిక్ హీటర్ అమ్మేవాడికి ఫోన్‌లోనే దండం పెట్టాడు. హీట్ పంపు కంపెనీ కుర్రాడు హైదరాబాద్ నుంచి స్వయంగా వచ్చాడు. ఆ యంత్రం కరెంటుతో నీళ్లు కాచదట, గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లలోకి ఎక్కిస్తుందట, డిగ్రీకి ఐదారు యూనిట్లతో సరిపెడుతుందట. ఫ్రాన్సిస్‌కు ఆ యంత్రం మీద గౌరవం కలిగింది. ఎన్నో ప్రశ్నలు అడిగాడు, బొమ్మ గీయించుకున్నాడు. చివరికి ధర అడిగాడు. విన్నాక కుర్రాడికి ఇంకో కప్పు చాయ్ ఇప్పించి, వర్ధన్నపేట బస్సు ఎక్కాడు.

వర్ధన్నపేటలో డ్రిప్పు సామాన్ల దుకాణం ఉంది. ఎండలో పడి ఉన్న నల్ల పైపులోంచి మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయని పొలం మొహం చూసిన ఎవరికైనా తెలుసు. ఫ్రాన్సిస్ రంధ్రాలు లేని సాదా నల్ల పైపు మూడు చుట్టలు కొనుక్కొచ్చి, మూడు రోజులు మిద్దె మీద మోకాళ్ల మీద పాకుతూ చాపలాగా పరిచాడు. కింద చిన్న మోటారు బిగించాడు. మోటారు పూల్ నీళ్లను మిద్దె మీదికి తోస్తుంది, అవి పైపుల్లో తిరిగి వేడెక్కి కిందికి వస్తాయి. సూర్యుడు బిల్లు పంపడు. కృపమ్మ కుర్చీలో కూర్చుని ఆ మూడు రోజులూ మిద్దె మీద మొగుడి అడుగుల చప్పుడు విన్నది.

అంతా సిద్ధమయ్యాక ఆయన మోటారుకు టైమర్ పెట్టాడు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున అయిదు దాకా.

ఎందుకంటే మోటారు రాత్రే నడపాలి. ఇది ఆయనకు ఎముకల్లో ఉన్న సంగతి. ఆయన ఉద్యోగం చేసిన కాలంలో సగం ఏళ్లు పొలాలకు రాత్రి కరెంటే వచ్చేది. పగలు వోల్టేజీ పడిపోయి కాయిళ్లు కాలిపోయేవి. "మోటరు రాత్రి పెట్టుకోండి, ఫికర్ ఉండది," అని ఆయన ఊరూరా కొన్ని వేల మందికి చెప్పి ఉంటాడు. ఇప్పుడు తన సొంత మోటారు విషయంలో ఆ మాట ఎందుకు తప్పుతాడు?

పొద్దునా సాయంత్రం థర్మామీటర్ ముంచి నోటుబుక్కులో రీడింగు రాశాడు. మొదటి పొద్దున ఇరవై ఒకటి. రెండో పొద్దున ఇరవై. మూడో పొద్దున పంతొమ్మిదిన్నర. థర్మామీటర్ చెడిందని కొత్తది తెచ్చాడు. కొత్తది పంతొమ్మిది అంది. ఫ్రాన్సిస్ రెండింటినీ పక్కపక్కన ముంచి, చెయ్యని తప్పుకు సస్పెండ్ అయిన మనిషిలాగా చాలాసేపు వాటినే చూశాడు.

"ఏమయ్యా, నువ్వు వేడి చెయ్యకముందే జర నయముండె గద," అంది కృపమ్మ వరండాలోంచి.

ఇంటి పనికి వచ్చే సమ్మమ్మ అప్పుడు పెరడు ఊడుస్తోంది. ఈ ఇంట్లో పదిహేనేళ్లుగా చేస్తోంది కాబట్టి ఎవరి మాటలోనైనా దూరడానికి ఆమెకు హక్కుంది.

"సారూ, మోటరు ఎప్పుడు నడుస్తాంది?"

"రాత్రి. రాత్రి వోల్టేజీ మంచిగుంటది సమ్మమ్మా."

సమ్మమ్మ చీపురు ఆపింది. "మా మనుమరాలికి తానం నీళ్లు మిట్టమధ్యానం ఎండల పెడ్త. రాత్రిపూట మిద్దె మీద పెట్టేది తాగే నీళ్ల కుండ. సల్లగయితయని. వోల్టేజీ ఉంటది సారూ, సూర్యుడుండడు గద."

ఫ్రాన్సిస్ తలెత్తి మిద్దె వైపు చూశాడు. నాలుగు రాత్రులు ఆయన ఇరవై రెండు వేల లీటర్ల నీళ్లను శ్రద్ధగా మిద్దె ఎక్కించి, చలిగాలికి ఆరబెట్టి, దించాడు. తర్వాత లేచి వెళ్లి టైమర్ మార్చాడు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం నాలుగు. సమ్మమ్మ చీపురు చేతపట్టుకుని నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగింది. కృపమ్మ దాచుకోలేదు. జబ్బుపడ్డాక ఆమె అంత పెద్దగా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు విని ఫ్రాన్సిస్‌కు కోపం రావాల్సింది, సంతోషం వచ్చింది.

ఆ సాయంత్రం నీళ్లు ఇరవై రెండు. తెల్లారేసరికి పంతొమ్మిదిన్నర. మళ్లీ సాయంత్రానికి ఇరవై రెండున్నర, మళ్లీ పొద్దునకు ఇరవై. సూర్యుడు పగలంతా ఇచ్చింది ఆకాశం రాత్రికి రాత్రి తీసేసుకుంటోంది. డిసెంబర్ మొదలైంది. కృపమ్మ వరండాకు వెళ్లడం కూడా మానేసి మంచం మీద నుంచే కిటికీలోంచి పూల్‌ను చూసేది. ఆమె చూసినప్పుడల్లా ఫ్రాన్సిస్ వెళ్లి థర్మామీటర్ ముంచేవాడు.

"అంకుల్, వేడంత పైనుంచే పోతది. కప్పెయ్యుండ్రి. దాని కోసమే బుడగల షీటు దొరుకుతది," అని చెప్పింది సుప్రియ.

బుడగల షీటు ధర కూడా ఆయన కనుక్కున్నాడు. ధర సంగతి సరే, రావడానికి మూడు వారాలన్నారు. మూడు వారాలంటే క్రిస్మస్ అయిపోతుంది. కప్పడమంటే కప్పడమే, దాంట్లో బుడగలతో పనేముందని ఆయన ఎనుమాముల మార్కెట్‌కు పోయాడు. అక్కడ హమాలీ పని చేసే గోపాల్ ఆయనకు తెలుసు, ఇంటి వెనక మీటరు, రేకుల కప్పు, నలభై యూనిట్లు. సీజన్‌లో రైతుల సరుకు మీద కప్పే తాడిపత్రులు పాతబడ్డాక గోపాల్ దగ్గర సగం ధరకు దొరుకుతాయి. ఫ్రాన్సిస్ ఒకటి విప్పించి కొలిచాడు. ఇరవై నాలుగు అడుగులు, పద్నాలుగు అడుగులు. మందం గట్టిది, ఎక్కడా చిరుగు లేదు.

"పోయిన సీజన్ల మిరపకాయల మీద కప్పినం సారూ. జర మంచిగ కడుక్కోండ్రి," అన్నాడు గోపాల్.

ఫ్రాన్సిస్ కడిగాడు. అంటే, పెరట్లో పరిచి నాలుగు బకెట్లు గుమ్మరించాడు. అప్పటికే ఏడు తుమ్ములు వచ్చాయి కాబట్టి కడగడం పూర్తయిందనుకున్నాడు. తాడిపత్రికి ఒక వైపు నీలం, నిగనిగలాడుతోంది. రెండో వైపు ఎర్రటి మరకలు, నేతలో ఇరుక్కున్న పొడి. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తారు కదా అని శుభ్రంగా ఉన్న వైపు పైకి పెట్టి, మరకల వైపు నీళ్లకు ఆనించి కప్పాడు.

ఆ మర్నాడు పొద్దున థర్మామీటర్ ఇరవై రెండు చూపించింది. సాయంత్రానికి ఇరవై నాలుగున్నర. రాత్రి దిగింది అర డిగ్రీ మాత్రమే. ఫ్రాన్సిస్ సంబరం పట్టలేక సమ్మమ్మకు కూడా రీడింగులు చదివి వినిపించాడు. ఇరవై అయిదున్నర, ఇరవై ఆరు, ఇరవై ఏడు.

"ఇరవై ఏడు చాలదా? దిగుత," అంది కృపమ్మ.

"ఇరవై ఎనిమిది అని రాసిచ్చింది," అన్నాడు ఫ్రాన్సిస్.

"ఒక్క డిగ్రీకి ఏమైతదయ్యా?"

"ఇరవై ఆరు యూనిట్లయితయ్."

డిసెంబర్ పదహారున మధ్యాహ్నం మూడు గంటలకు ఇరవై ఎనిమిది వచ్చింది. సుప్రియ వచ్చే రోజు కాదు, ఆమె కోసం ఆగే ఓపిక ఇద్దరికీ లేదు. ఫ్రాన్సిస్ తాడిపత్రి చుట్టి పక్కన పెట్టాడు. గోడ చుట్టూ నీళ్ల అంచున సన్నటి ఎర్రగీత కనిపించింది, ఇటుక పొడి అనుకున్నాడు. ముందు ఆయన దిగాడు. తర్వాత కృపమ్మ కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, నీళ్లు నడుము దాకా రాగానే కళ్లు మూసుకుని "అబ్బ, పానం లేచొచ్చింది," అంది.

నెల రోజుల తర్వాత మొదటి చుట్టు. కాలు ఈడ్చుకుంటూ నడిచింది. రెండో చుట్టులో మోకాలు కొంచెం వంగింది. ఫ్రాన్సిస్ మధ్యలో నిలబడి, తన నల్ల పైపులు ఎంత గొప్ప పని చేశాయో ఒంటితో తెలుసుకుంటున్నాడు. తొడల దగ్గర హాయిగా వెచ్చగా ఉంది. కాసేపటికి ఇంకొంచెం వెచ్చబడింది. ఇరవై ఎనిమిదికి ఇంత వేడి ఉంటుందా అని ఆశ్చర్యపోయి, ఉంటుందేమోలే అని గర్వపడ్డాడు. మరి కాసేపటికి ఆ వేడి మోకాళ్ల వెనక్కి, నడుముకు, పైకి చెప్పుకోలేని చోట్లకు పాకింది. అప్పుడు ఎర్రగీత వైపు మళ్లీ చూశాడు.

కృపమ్మ అవతలి అంచున ఆగిపోయి ఉంది.

"ఏమయ్యా, నీళ్లల్ల ఏం కలిపినవ్? మండుతాంది."

"నేనేం కలపలే. మిరపకాయల తాడిపత్రి అది, పొడి దిగినట్టుంది. జల్ది బయటికి రా!" అంటూ ఆయన నీళ్లు తోసుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కదల్లేదు. నీళ్లలోకి చూస్తోంది.

"నడువు కృపమ్మా, నాకు గూడ మండుతాంది."

"నీ సంగతి కాదయ్యా, ఆగు." ఆమె ఎడమ కాలు ఒకసారి కదిపి చూసుకుంది. "రెండు కాళ్లు మండుతున్నయ్. ఎడమది గూడ. మోకాలు కింద."

ఫ్రాన్సిస్‌కు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె చెయ్యి వదిలేసి, కడ్డీ మీద పెట్టి, "కళ్లు మూసుకో," అన్నాడు. ఊపిరి బిగబట్టి ఆ కారం నీళ్లలో నిలువునా మునిగాడు. తడుముకుంటూ ఆమె ఎడమ పాదం పట్టుకుని బొటనవేలు ఒత్తాడు. పైకి లేచి, కళ్లు తెరవలేక అలాగే నిలబడి, "తెలిసిందా?" అని అడిగాడు.

"ఏం తెల్వలే."

మళ్లీ మునిగాడు. ఈసారి పాదం పక్కగా చెయ్యి పోనిచ్చి చివరి వేలు ఒత్తాడు. తల ఇంకా నీళ్లలో ఉండగానే పైనుంచి కృపమ్మ కేక వినిపించింది. ఆయన లేచాడు.

"చిటికెన వేలు!" అంటోంది ఆమె. "చిటికెన వేలు ఒత్తినవ్. గట్టిగ ఒత్తినవ్, నొస్తాంది."

ఫ్రాన్సిస్ ఏడ్చాడు. కళ్లల్లో కారం పడింది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు, కానీ కారం పడకపోయినా ఆయన ఏడ్చేవాడే. కృపమ్మ కడ్డీ వదిలేసి రెండు చేతులతో ఆయన ముఖం తుడవబోయింది, ఆ చేతులకూ కారమే ఉంది.

కేకలు విని సమ్మమ్మ పరుగెత్తుకొచ్చింది. విషయం తెలుసుకుని, మిరపకాయల తాడిపత్రి తెచ్చి మనుషుల మీద ప్రయోగం చేసినందుకు సారును నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే ఇద్దరినీ పైకి చేర్చి, మంచినీళ్లు బకెట్లతో గుమ్మరించి, గిన్నెలో కొబ్బరి నూనె తెచ్చి ఇచ్చింది. కృపమ్మ కుర్చీలో కూర్చుంది. కళ్లు వాచిపోయిన ఫ్రాన్సిస్ నేల మీద చతికిలబడి ఆమె కుడి కాలికి మోకాలి నుంచి మడమ దాకా నూనె రాశాడు. తర్వాత ఎడమ కాలి మీదికి చెయ్యి జాపాడు. కృపమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"దానికి రాయకు."

"మండుతాంది అంటివి గద?"

"మండనియ్యి," అంది కృపమ్మ. "రెండేండ్లయింది."

ఫ్రాన్సిస్ నూనె గిన్నె సమ్మమ్మకు ఇచ్చేశాడు.